ఫోను ముందు ఎవరు పెట్టాలి

సండర్లాండ్‌లో మంగళవారం సాయంత్రాలు
లైబ్రరీ మేడమీద, హీటరు పనిచెయ్యని గదిలో
చిజురు గారు నాకు వంగడం నేర్పుతారు.
మడత నడుం దగ్గర పడాలి, మెడ దగ్గర కాదు.
ఫోన్లో ఎవరు చూస్తారండీ అన్నాను.
"వంగని నడుం గొంతులో వినబడుతుంది" అన్నారు.

మొదటి వాక్యం, ఒసెవా ని నత్తే ఒరిమాస్.
అర్థం చెప్పడానికి ఆవిడ ఇంగ్లీషంతా వెతుక్కున్నారు.
నాకు అప్పటికే దొరికింది.
బాగున్నావా అని అడిగితే
తెనాలిలో మా టైలరు మస్తానయ్య
పళ్ళ మధ్య సూదితోనే అనేవాడు: "ఏదో, తమ దయ."
నా దయ మీద అతనెన్నడూ బతకలేదు.
నా జాకెట్లే అతని దయ మీద బతికాయి.

రెండో నెల, కాదనకుండా కాదనడం.
చొత్తో... అని ఆగిపోవాలి.
ఆ తర్వాత చుక్కలే, మాట ఉండకూడదు.
దీనికి ట్యూషన్ అక్కర్లేదన్నాను.
"చూద్దాం లెండి" అన్న ఒక్క ముక్కతో
ఎన్ని చందా పుస్తకాల్ని గుమ్మంలోంచే సాగనంపలేదు!

అవతలివారు మాట్లాడుతుంటే
మధ్యమధ్య హై, హై అనాలి.
ఒప్పుకున్నానని కాదు, ఉన్నానని.
ఊ కొట్టకపోతే కథ అక్కడే ఆగిపోతుందని
నాకెవరైనా కొత్తగా చెప్పాలా?

గొంతులో ఇరుక్కున్నది వేరేది.
బయటివాళ్ళ ముందు మనవాళ్ళకి గారు తగిలించకూడదట.
మేనేజరు హెథరింగ్టన్ గారిని
వట్టి హెథరింగ్టన్ అనాలి.
పెద్దాయన్ని చొక్కా విప్పించి
వీధిలో నిలబెట్టినట్టుంది నాకు.
ఫ్యాక్టరీ అంతా ఆయన్ని ఇయన్ అంటుంది, నిజమే.
ఆరేళ్ళుగా నేనే లోలోపల ఒక గారు తొడిగి ఉంచాను.
చిజురు గారు చెయ్యి చాపి చూపించారు:
"వాళ్ళ ముందు ఆయన మీ చిటికెన వేలు.
మీ వేలికి మీరు దణ్ణం పెట్టుకుంటారా?"

అప్పుడు గుర్తొచ్చాయి మనం, మేము.
ఇక్కడికొచ్చాక ఒకే 'వుయ్' కింద
కలిపి కుట్టేసుకున్న రెండు గుడ్డలు.
బస్సులో ఇంటికెళ్తూ కుట్లు విప్పుకున్నాను.

క్యాంటీన్లో మ్యూరియెల్‌కి ఈ గొడవే లేదు.
డైరెక్టర్నీ, నన్నూ, చిప్స్ ఎత్తుకెళ్ళే సీగల్‌నీ
'పెట్' అనే పిలుస్తుంది.
అందరికీ ఒకే గరిటె.

మార్చిలో ఓ ఉదయం ఏడున్నర, అక్కడ సాయంత్రం నాలుగున్నర.
సీటు కింది బ్రాకెట్లు రెండొందల నలభై,
వెల్డింగు దగ్గర చీలిపోయాయి.
లైన్లో హమామత్సు నుంచి కురియామా గారు.
హెథరింగ్టన్ లేరు,
కాదు, లేడు అన్నాను. చొక్కా విప్పేశాను.
మోషివాకే గొజాయ్‌మసెన్.
చెప్పుకోడానికి సాకు లేదని దానర్థం.
సాకు ఉంది. నైట్ షిఫ్టు, అరిగిన ఎలక్ట్రోడు,
ఫైల్లో నాలుగు పేజీల పొడవుంది.
దాన్ని అక్కడే పడుకోబెట్టి
నడుం వంచాను,
ఎదురుగా ఉన్న మంటలార్పే ఎర్ర సిలిండరుకి.

ఆయన మాట్లాడారు. సగం నాకు అందలేదు.
ఊ కొట్టాను.
చివర్లో పళ్ళ మధ్య గాలి పీల్చిన చప్పుడు,
చొత్తో...
ఆ చుక్కల్లో మా జూన్ ఆర్డరు
కొక్కేనికి వేలాడుతోంది.

ఇక సెలవులు. ఇటు నుంచి షిత్సురేయ్, అటు నుంచి షిత్సురేయ్.
కొనేవారు పెట్టాకే అమ్మేవాళ్ళు ఫోను పెట్టాలి.
ఆయన పెట్టలేదు.
అక్కడెవరో స్టాప్లర్ కొడుతున్నారు.
ఇక్కడి సీగల్ ఆయనకీ వినబడే ఉంటుంది.
ఆయన కూడా వంగే ఉన్నారేమో,
ఎదురుగా ఏ బీరువా ఉందో.

అనుకోకుండా నా నోట్లోంచి వచ్చేసింది,
"ఊఁ."
కాసేపటికి అటునుంచీ,
"ఊఁ."
అప్పుడు క్లిక్కుమంది.

మంగళవారం చిజురు గారు ఎర్ర పెన్ను తీశారు.
"కొనేవారితో ఊఁ అనకూడదు, వకుళ గారూ,
అది ఇంట్లోవాళ్ళ మాట. ఆయనేమన్నారు?"
ఊఁ అన్నారండీ.

ఆవిడ పెన్నుకి మూత పెట్టేశారు.